మరియమ్మ గారి దగ్గర ఒక వేసవి

నిన్న పెరట్లో సపోటా కొమ్మ విరిస్తే తెల్లటి పాలు వేళ్ళకి అంటుకున్నాయి. ఆ జిగురు సబ్బుకి లొంగదు, కొబ్బరినూనె రాయాల్సిందే. చెయ్యి రుద్దుకుంటుంటే మరియమ్మ గారు గుర్తొచ్చారు. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు ఫోన్ చేసి, "సెలవుల్లో పిల్లని పనికి పంపుతున్నావంట, మనకేం ఖర్మ వదినా?" అంది. ఖర్మ కాదు, అదృష్టం అన్నాను. చదువుకునే పిల్లలు పని చేస్తే పరువు పోతుందనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చేశాను. నా పరువేమీ పోలేదు.

పదో తరగతి పరీక్షలయ్యాక, ధవళేశ్వరంలో గుమాస్తాగా చేసే మా నాన్నతో పోట్లాడి మరీ కడియంలో ఒక నర్సరీలో చేరాను. అక్కడ అంటు కట్టే ఆడవాళ్ళందరికీ మరియమ్మ గారు పెద్ద. ఆదివారం చర్చికి తప్ప కత్తి కింద పెట్టని మనిషి. "కూలి మనిషికి గారేంటే?" అనేవారు నాన్న. పని నేర్పిన మనిషిని గారు అనక ఏమంటాను? మొదటి వారమంతా నా చేత కత్తి నూరించారే తప్ప కొమ్మ ముట్టుకోనివ్వలేదు. "మొద్దు కత్తి పెడితే మొక్కకి నొప్పమ్మా," అనేవారు.

సపోటాకి అంటు కట్టడమంటే, సంచిలో పెంచిన నాటు మొక్కను తల్లి చెట్టు దగ్గర నిలబెట్టి, దాని కాండాన్నీ చెట్టు కొమ్మనీ ఒక పక్క చెక్కి, రెండూ కలిపి కట్టడం. నెలలు గడిచి అతుక్కున్నాక, అతుకుకి కింద కొమ్మను కోసి చెట్టు నుంచి విడదీయాలి. నాటు మొక్క తలను అతుకుకి పైన కోయాలి. ఒక రోజు ఆవిడ అన్నానికి వెళ్తూ, "నేనొచ్చేదాకా ఆగు," అన్నారు. ఆగితేగా! అంతా వచ్చేసిందనుకుని కొమ్మలకి బదులు నాటు మొక్కల్నే అతుకుకి కింద కోసుకుంటూ పోయాను. వేళ్ళున్న సంచులు నేల మీద, కొమ్మలు చెట్టుకి. వరసంతా పాడు చేశాను.

సాయంత్రం యజమాని వచ్చి చూసి మరియమ్మ గారి మీద విరుచుకుపడ్డారు. "ఇన్నేళ్ళ అనుభవం ఇదేనా? రేపట్నించి రానక్కర్లేదు!" ఆవిడ నా వైపైనా చూడలేదు. "నేను చూసుకోవాల్సిందండి," అన్నారంతే. నన్ను తీసుకెళ్ళడానికి అప్పుడే వచ్చిన నాన్నకి సంగతి అర్థమైపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నోర్మూసుకుని బండెక్కు," అన్నారు మెల్లిగా. చెయ్యి విడిపించుకున్నాను. "నేనే కోశానండి. ఆవిడ ఆగమన్నా ఆగలేదు," అని గట్టిగా అనేశాను. యజమాని నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసి, "మరి ఇవన్నీ మళ్ళీ ఎవరు కడతారమ్మా?" అన్నారు. "నేనే కడతానండి, ఆవిడ ఉండి నేర్పితే," అన్నాను. "సరే, ఇద్దరూ కలిసి కట్టండి," అని ఆయన వెళ్ళిపోయారు.

మరియమ్మ గారు నన్ను మెచ్చుకోలేదు. "చెప్పావుగా, ఇంక ఏడుపెందుకు? పొద్దున్నే రా," అన్నారు. మర్నాడు నాన్న దింపనంటే ఆటో ఎక్కి వెళ్ళాను. సెలవులయ్యేదాకా కొత్త నాటు మొక్కలతో ఆ వరస మళ్ళీ కట్టాను. సరిగ్గా కుదరనివి ఆవిడ విప్పించి మళ్ళీ కట్టించారు.

ఆవిడిప్పుడు లేరు. నా ఆఫీసులో ఏదైనా పాడైతే అందరూ తమ కిందవాళ్ళ వైపు చూస్తారు. తప్పు నాదైతే నేను లేచి, "నేనే చేశానండి," అంటాను. అలాగైతే ప్రమోషన్లు రావని నాన్న ఇప్పటికీ గొణుగుతారు. రాకపోతే పోనీ. ఇంకొకరి నోటి దగ్గర కూడు లాగేసి నేను పైకెక్కక్కర్లేదు.