ఒక్క అడుగు

మెకానిక్ మేస్త్రి నట్టును కళ్ళతో చూడడు. బొటనవేలితో ఒకసారి తడిమి, ఎడమకన్ను మూసి, చెయ్యి వెనక్కి చాపుతాడు. గోడకి వరసగా వేలాడే పానాల్లో సరైనదే చేతికొస్తుంది. అంగుళంలో సగం, ఎనిమిదో వంతులు, పదహారో వంతులు ఆయన వేళ్ళకు కంఠతా వచ్చు. ఐదో వంతుల పానా మాత్రం ఆ గోడమీద ఎప్పుడూ లేదు. ఆ సంగతి అన్నయ్యకు తెలుసు. నలభై అడుగుల షెడ్డులో ఐదింట రెండు వంతులు చిన్నవాడైన మేస్త్రికని తండ్రి చెప్పిపోయాడు. పంపకం రోజున అన్నయ్య తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి, "రెండు వంతులేం సరిపోతాయిరా నీకు? ఎనిమిదింట మూడు తీసుకో. రెండుకన్నా మూడు పెద్దది, ఐదుకన్నా ఎనిమిది పెద్దది. ఇంకేం కావాలి?" అన్నాడు. చిన్నప్పుడు పలకమీద లెక్కలు దిద్దించినవాడు అన్నయ్యే. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. సరేనన్నాడు.

మధ్యగోడ లేచాక తండ్రి వాడిన పదహారడుగుల పనిబల్ల మేస్త్రి వాటాలో పట్టలేదు. టేపు పెట్టి కొలిస్తే పదిహేను అడుగులొచ్చింది. తాపీవాళ్ళ పొరపాటనుకుని మళ్ళీ కొలిచాడు. పదిహేనే. అప్పుడు గొంతుక్కూచుని, సుద్దముక్కతో నేలమీద నలభైని ఐదు భాగాలు చేసి రెండు కలిపాడు: పదహారు. ఎనిమిది చేసి మూడు కలిపాడు: పదిహేను. నాన్న ఈ బల్ల పట్టేలా లెక్కేసి ఆ వంతు చెప్పాడు. ఆ రెండంకెలనూ బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"సామానంతా సర్దుకున్నావురా?" గోడవతల నుంచి అన్నయ్య కేకేశాడు.

"అడుగు కావాలంటే నోరు తెరిచి అడగొచ్చు కదన్నయ్యా," అన్నాడు మేస్త్రి. "రెండడుగులిచ్చేవాణ్ణి."