మొదటి వరుస

మా తమ్ముడు పోయాడు. రెండు వారాల కిందట సోమవారం పొద్దున దీపం పెడుతుంటే జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి మరదలు ఫోన్ చేసింది. "వదినా" అని ఆగిపోయింది. ఇంక చెప్పక్కర్లేకపోయింది.

ఇరవయ్యేళ్లు ఇనుపగని ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాశాడు. ఇది చదివే మీలో కొందరికి వాడు చీటీల సారుగా తెలుసు. అక్కడ ఏటా అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. తేడా ఉన్నవాళ్ల పేర్లు ఏరి, పెద్దాసుపత్రికి చీటీలు తీసే ప్రోగ్రాము వాడిదే. కొంటాలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా దగ్గేవాడు. చూపించుకోరా అంటే నవ్వేవాడు.

"నాకు చీటీ రాలేదు గదక్కా. ఏంది నీ భయం?"

నేను జపం చేసుకుంటుంటే పక్కన కూర్చునేవాడు. మాలలో పెద్దపూసను ఎందుకు లెక్కపెట్టవని ఒకసారి అడిగాడు. అది మేరువు, దాన్ని దాటకూడదు, అక్కడి నుంచి వెనక్కి తిప్పుకోవాలి అన్నాను. నీదీ నా పాత లూపు లాంటిదే అన్నాడు. జాబితాలో పేర్ల మీద ఒక్కొక్కటిగా తిరిగే ఆ లూపుకి ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆగాలో అన్నీ మనమే చెప్పాలట. వాటిని తీసేసి లాంబ్డాలని కొత్త పద్ధతి పెడుతున్నానన్నాడు.

"ఒక్కొక్కరికి ఏం చెయ్యాల్నో చెప్తే చాలక్కా. ఎవర్నీ వదలదు."

మొన్న వానాకాలంలో ఆ చీటీల ప్రోగ్రాము మార్చాడు. మొదటి చీటీ వాడి పేరు మీదే వచ్చింది.

మొదట్లో సరిచూసుకోవడానికి తన పేరే జాబితా మొదటి వరుసలో రాసుకున్నాడట. అది ఉత్తుత్తిది కదా అని లూపును రెండో వరుస నుంచి మొదలుపెట్టాడు. తర్వాత ఏటా వాడి అసలు ఎక్స్‌రే ఫలితం ఆ మొదటి వరుసలోనే ఎక్కింది. ఆరేళ్లుగా అందులో తేడా ఉంది.

"నన్ను నేనే దాటేసినక్కా" అన్నాడు ఫోనులో.

ఆ తర్వాత దేవుణ్ణి అడగని పూట లేదు. ఒక్క ఏడాది అన్నాను. ఆర్నెల్లన్నాను. చివరికి ఈ ఒక్క పూట ఊపిరి ఆడనివ్వు తండ్రీ అన్నాను.

నేను ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లినప్పుడు వాడు ముక్కుకు గొట్టంతోనే, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మిగిలిన లూపులన్నీ మార్చాడు. ఇంకెవర్నన్నా దాటేశానేమోనని. మరదలు లాక్కోబోతే నేనే ఆపాను. ఆఖరిది అయ్యాక నా వంక చూశాడు.

"ఎవరూ లేరక్కా. నేనొక్కణ్ణే."

చిన్నప్పుడు శబరి నది ఈది ఒడ్డెక్కినప్పటి మొహం అది.

మైల తీరాక ఇవాళ మాల తీశాను. వేళ్లు పెద్దపూస దాకా వచ్చి ఆగాయి. వెనక్కి తిప్పలేకపోయాను. దాన్నే పట్టుకుని కూర్చున్నాను, దీపంలో నూనె అయిపోయేదాకా.