తొమ్మిది వ్యాసాల వరస

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మనుషులు చేసే అన్యాయాలు గుర్తుపెట్టుకోవడానికే నాకు తీరిక చాలదు. పైగా కంప్యూటర్ మీద బతికేవాణ్ణి. నంబరు కొడితే ఆ నంబరే కనబడాలి. అందుకే ఈ సంగతి నాకింకా మింగుడుపడలేదు.

పెడనలో కలంకారీ అద్దకం వాళ్ల సంఘానికి ఒక వెబ్‌సైట్ ఉంది. బందరులో డీటీపీ షాపు నడుపుతూ, అందులో వ్యాసాలు ఎక్కించే పనీ నేనే చూస్తాను. ప్రతి వ్యాసం పక్కనా చిన్న గడి ఉంటుంది. అందులో ఒకటి వేస్తే ఆ వ్యాసం అన్నిటికన్నా పైన కనిపిస్తుంది, రెండు వేస్తే దాని కింద.

అద్దకం పని మీద తొమ్మిది వ్యాసాలు రాశాను. నాంచారయ్య గారని, జీవితమంతా అచ్చులు వేసిన పెద్దాయన చెబితే రాసుకున్నవి. కరక్కాయ నీళ్లు ఒకరోజు, కాలవలో ఉతుకు ఇంకోరోజు, ఏది గుర్తొస్తే అది చెప్పేవారు. "వరస తప్పితే గుడ్డ పాడవుద్ది నాయనా" అని మాత్రం రోజూ అనేవారు. ఆ వరస పూర్తిగా అడిగి రాసుకునేలోపే ఆయన పోయారు.

వ్యాసాల్ని పని జరిగే క్రమంలో పెడదామన్నాను. సంఘం అధ్యక్షుడు ఒప్పుకోలేదు. ఆయనది బట్టల వ్యాపారం, ఏనాడూ అచ్చు పట్టింది లేదు. ఆఖరి ఉతుకు వ్యాసంలో ఆయన శాలువాతో ఉన్న ఫొటో ఉంది. అదే మొదట ఉండాలన్నారు.

"టైపు చేసేవాడివి టైపు చెయ్యి. వరస సంగతి నీకెందుకయ్యా?" అన్నారు, పదిమంది ముందు. అప్పుడు అందరికీ టీ వచ్చింది. నాకు రాలేదు.

ఆయన చెప్పినట్టే నంబర్లు వేశాను. మర్నాడు పొద్దున చూస్తే శాలువా ఫొటో అట్టడుగున ఉంది. బట్ట చలవ చేయడం మొదట, కరక్కాయ దాని కింద, ఆ కింద నల్ల అచ్చు. మార్చాను. మర్నాడు మళ్లీ అంతే.

అధ్యక్షుడు ఫోన్ చేసి, "నా మీద కక్ష తీర్చుకుంటున్నావా?" అన్నారు. సంఘంలో అందరూ ఆయన మాటే నమ్మారు. మున్సిపాలిటీకీ కరెంటాఫీసుకీ నేను పెట్టే అర్జీల సంగతి అందరికీ తెలుసు కదా. కానీ ఇచ్చిన కాగితంలో నేను అక్షరం మార్చానని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఆ పేరు పోతే నా షాపుకి ఎవరొస్తారు?

"పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి, నాకు చెప్పకండి" అన్నాను. ఆయన మార్చుకుని, నంబర్లు కూడా తనే వేసుకున్నారు. నేను అవనిగడ్డలో మేనకోడలి పెళ్లికి వెళ్లాను. ఫోను షాపులో తమ్ముడి దగ్గరే వదిలేశాను.

రెండు రోజుల తర్వాత వచ్చేసరికి అధ్యక్షుడు మా షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "మళ్లీ మారిందయ్యా" అన్నారు, గొంతు తగ్గించి.

ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే పేజీ తీశాం. చివరగా మార్చింది ఆయనే. ఆ తర్వాత ఎవరి పేరూ లేదు.

అప్పటిదాకా కోపంలో గమనించలేదు గానీ, ఆ రోజు పై నుంచి కింద దాకా చదివాను. బట్టను పాలలో ముంచే వ్యాసం ఏడోది. నాకు తెలిసినంతలో అది కరక్కాయ వెంటనే, అంటే మూడోది కావాలి. ఎక్కడో అలాగే చదివాను. అధ్యక్షుణ్ణి అడిగితే ఆయనకసలు పాల సంగతే తెలీదు.

నాంచారయ్య గారి అమ్మాయికి ఫోన్ చేశాను. సంఘానికి వెబ్‌సైట్ ఉందనే ఆవిడకి తెలీదు.

"అది కాళహస్తి వాళ్ల పద్ధతండీ. మా దగ్గర రంగులో ఉడకబెట్టాకే గంజీ, పాలూ. అప్పుడే పైన వేసే రంగులు పాకవు. నాన్న చెప్పలేదా మీకు?"

చెప్పలేదు. నా నోట్సంతా రెండుసార్లు తిరగేశాను.

స్పీకర్‌లో ఆ మాటలన్నీ విన్న అధ్యక్షుడు "అలాగే ఉండనీ" అన్నారు. ఇందులో నా తప్పేమీ లేదని ఆ సాయంత్రమే సంఘం గ్రూపులో రాశారు. క్షమించమని రాయలేదు, అది వేరే సంగతి. అయినా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ తర్వాత వ్యాసాలు కదల్లేదు. వాటినలా పెట్టిందెవరో నాకిప్పటికీ తెలీదు. నేను మాత్రం కాదు. నేనైతే పాలు మూడోదిగా పెట్టి ఉండేవాణ్ణి.