దస్తగిరమ్మత్త పక్కకు పెట్టించిన అన్నం

"ఉప్పు సరిపోయిందా అత్తా?"

"నా నోటికే రుచి లేదు, ఉప్పునేం చూస్తా! నీ మొగుడు తిన్యాడా, అది చెప్పు."

"తిన్యాడత్తా."

దస్తగిరమ్మత్తతో నేను మాట్లాడిన ఆఖరు మాటలివే. ఈ పొద్దున నా మనవరాలు షాహీన మెంతికూర తుంచుతుంటే, ఆ చేదు వాసనకు ఆమె వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అయింది. అందుకే దీన్ని పిలిచి, నేను చెప్తాను నువ్వు రాయి అన్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. నంద్యాలలో పుట్టిన నేను పెళ్ళయి ఆళ్ళగడ్డకు వస్తే, పక్కింట్లో ఉండేది. అత్తా అని పిలిచేదాన్ని. మా ఆయన మౌలాలి దూదేకి పరుపులు కుట్టేవాడు. పంతొమ్మిదొందల ఎనభైల్లో ఆయనకు చక్కెర జబ్బని నంద్యాల డాక్టరు తేల్చాడు. అన్నం, సంగటి బాగా తగ్గించి మాంసం, గుడ్లు, ఆకుకూరలు తినాలన్నాడు, ఉపవాసం అసలే వద్దన్నాడు. నేను అత్త దగ్గరకు పరుగెత్తాను. "అన్నం లేకుండా మనిషెట్ల బతుకుతాడత్తా?" అంటే, "ఏం, దేవుడు వడ్లొక్కటే పుట్టిచ్చినాడా?" అని తనే నా పొయ్యి ముందు కూర్చుంది. మెంతాకు వేసి పొట్టేలు మాంసం వండింది. పళ్ళెంలో అన్నం ఉండేచోట కూర పెట్టి, కూర ఉండేచోట పిడికెడు అన్నం పెట్టింది. ఆమె భర్త ఇదే జబ్బుతో కాలు తీయించుకుని, తర్వాత చనిపోయాడని నాకు ఆ రోజే తెలిసింది.

విందులకు పోతే ఇంకో చిక్కు. వేరే మతంవాళ్ళ ఇళ్ళలో మాంసం బిస్మిల్లా చెప్పి కోసింది కాదు, మేము తినకూడదు. అన్నమేమో డాక్టరు వద్దన్నాడు. అత్త ఉడకబెట్టిన గుడ్లు కొంగున కట్టి తెచ్చేది. "కోడిని గూడా తెచ్చింటే ఈడే పెట్టుండు గదా!" అని ఒకావిడ నవ్వింది. "నీ కూతురి పెండ్లికి తెస్తాలేమ్మే" అంది అత్త.

రంజాన్ వచ్చింది. ఆయన వినకుండా రోజా ఉపవాసం పట్టాడు. సాయంత్రం మసీదులో గంజి చెంబులకొద్దీ తాగేవాడు. బియ్యంతో కాచిందే అయినా దాన్ని అన్నమనుకోలేదు. దువా చదివిన గంజి కీడు చేయదని ఆయన నమ్మకం, నాకూ అలాగే అనిపించింది. వారం తిరక్కముందే పరుపు కుడుతూ కుడుతూ ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా, "రోజా ఇడిస్తే నేనేం ముసల్మానునత్తా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అత్త గొంతు వీధి దాకా వినపడింది. "జబ్బు మనిషికి రోజా మాఫ్ చేసినోడు ఆ అల్లా. కాదనేకి నువ్వెవనివిరా, పెద్ద మొనగానివి? నా మొగుడూ నీ లెక్కనే మొండికేసినాడు. పోయి మసీదులో గరిటె పట్టుకో. నువ్వు తాగొద్దు, ఆకలైనోళ్ళకు పోస్తా ఉండు. నీ రోజాకు బదులు దినామూ ఒక పేదోని కడుపు నింపు."

మరుసటి సాయంత్రం సిగ్గుపడుతూనే పోయి గంజి కాచిన పెద్ద డేగిసా దగ్గర నిలబడ్డాడు. "ఒక ముసలాయన రెండుసార్లు పోయించుకున్యాడే" అంటూ ఇంటికొచ్చాడు. పళ్ళెం ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే అన్నం గిన్నె పక్కకు జరిపాడు.

అత్త పోయాక కూడా ఆయన చాలా ఏళ్ళు రెండు కాళ్ళ మీదే తిరిగాడు. ఇప్పుడు ఆయనా లేడు. ఒంట్లో బాగాలేని వాళ్ళెవరైనా దేవుడి పేరు చెప్పి మొండికేస్తే, నా నోట్లోంచి ఆమె గొంతే వస్తుంది.

షాహీనా, రాసినావా? ఏదీ, మొదట్నుంచి చదువమ్మా, ఇంటా. ఆమె తిట్లు మాత్రం మెత్తగా చదవాకు.