పసుపు ఎనిమిది

మొన్న మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి కొత్తగూడెం వెళ్లాను. పెళ్లికూతురికి పసుపు రాస్తుంటే ఆ తడి వాసన గుప్పున తగిలింది. ఫోటోలు తీసే అబ్బాయి కెమెరా ఎత్తగానే, "ఆగు బాబూ, ముందు ముఖం తుడవనీ" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. "పసుపు ఫోటోలకే గదా పెద్దమ్మా నన్ను పిలిచింది" అన్నాడతను. నేనూ నవ్వాను గానీ, నాకు వీరభద్రం గారు గుర్తొచ్చారు.

వీరభద్రం గారిది గని కార్మికుల క్వార్టర్లకు వెళ్లే దారిలో చిన్న ఫోటో స్టూడియో. వైమానిక దళంలో ఫోటోల విభాగంలో పనిచేసి రిటైరై వచ్చారు. ఎనభైల మొదట్లో, నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులద్దే పనికి నేను ఆయన దగ్గర కుదిరాను. గిరాకీ లేని వేళల్లో ఆయన చేసే పని చూసి, ఈయనకు కాస్త తిక్క ఉందనుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ విమానాల ఫోటోలు భూతద్దం కింద పెట్టి, ఏది ఏ రకమో, ఏ దళానిదో తేల్చేవారు. ఇదే పిచ్చి ఉన్నవాళ్లు ఇంగ్లాండులో, జర్మనీలో కూడా ఉన్నారట. వాళ్లు ఫోటోలూ, అప్పటి విమానాశ్రయాల రిజిస్టర్ల నకళ్లూ పోస్టులో పంపేవారు. "ముందు ముక్కు చూడాలమ్మా, తర్వాత తోక. నంబరు ఆఖరికి. నంబరుదేముంది, ఎవరన్న తుడిచి రాస్తరు" అంటూ నాకూ నేర్పారు. ఇంట్లో కూర మాడినా పట్టించుకోని దాన్ని, తోక చక్రం కడ్డీ పొడవు గురించి ఆయనతో వాదించేదాకా వచ్చాను.

ఒకసారి జర్మనీ నుంచి ఒక ముసలావిడ ఆయనకు ఉత్తరం రాసింది. ఆమె తమ్ముడు యుద్ధంలో విమానం తీసుకుని వెళ్లి మళ్లీ రాలేదు. ఎవరి ద్వారానో ఆమెకు ఒక ఫోటో దొరికింది. అందులో ఒక కుర్రవాడు విమానం పక్కన అటు తిరిగి నిలబడ్డాడు, ముఖం కనబడదు. విమానం మీద ఎనిమిది అంకె ఉంది. "ఇతను మా తమ్ముడేనా?" అంతే ఆమె ప్రశ్న. ఆ విమానాశ్రయంలో మూడు దళాలుండేవి. ఒకదానివి తెల్ల అంకెలు, ఒకదానివి నల్లవి, ఇంకోదానివి పసుపు. ఫోటోలో అంకె నల్లగా ఉంది. రిజిస్టరులో నల్ల ఎనిమిది ఎదుట ఆమె తమ్ముడి పేరే ఉంది. అవును, మీ తమ్ముడే అని సారు రాశారు. ఫోటోకు ఫ్రేము కట్టించి రోజూ దాని ముందు కొవ్వొత్తి వెలిగిస్తున్నానని ఆమె జవాబిచ్చింది. అది చదివి నేను ఏడ్చాను. సారు రెండు రోజులు ఈల వేసుకుంటూ పనిచేశారు.

ఏడాది తిరిగాక ఒక గని కార్మికుడు తన తల్లి పెళ్లినాటి ఫోటోను పెద్దది చేయించడానికి తెచ్చాడు. "మా అమ్మ తెల్లగుండేది సార్. ఈ ఫోటోల గింత నల్లగ ఎందుకు పడ్డది?" అని బాధపడ్డాడు.

"పసుపు రాసుకొని దిగినట్టున్నదయ్యా. పాతకాలపు ఫిల్ములు కొన్నిటికి పసుపు, ఎరుపు నల్లగనే పడ్తయి" అన్నారు సారు.

అతను వెళ్లాక నేను రంగులు కలుపుకుంటూ మామూలుగానే అడిగాను. "అయితే సార్, ఆ జర్మనీ అమ్మ ఫోటో గూడ పాత ఫిల్మే గదా? ఆ ఎనిమిది నలుపేనా?"

ఆయన లేచి బీరువా తెరిచారు. ఆ ఫోటో నకలు తీసి భూతద్దం పెట్టారు. విమానం ముక్కు కింద నల్లగా ఉన్నదాన్ని ఇన్నాళ్లూ నూనె మరక అనుకున్నాం. అక్కడి విమానాలన్నిటికీ ముక్కు కింద పసుపు రంగు వేశారని రిజిస్టరులోనే ఉంది. "విమానం మీద జర్మన్లేసే సిలువ గుర్తు నలుపు చూడు, అంకె నలుపు చూడు. ఛాయలు నాకంటే నీకే బాగ తెలుస్తయి" అని భూతద్దం నాకిచ్చారు. సిలువ కంటే అంకె పిసరంత లేతగా ఉంది. ముక్కు కిందదీ సరిగ్గా అదే ఛాయ. అది పసుపు ఎనిమిది, వేరే దళానిది. ఫోటోలో ఉన్నది ఆమె తమ్ముడు కాదు. పసుపు ఎనిమిది నడిపినవాడి పేరు ఉండాల్సిన చోట రిజిస్టరు తడిసి అలుక్కుపోయింది.

"రాయకండి సార్. ఆమె సంతోషంగ ఉన్నది గదా, ఎవరికి నష్టం?" అన్నాను. ఆయన ఆ సాయంత్రమే ఉత్తరం రాసి, పోస్టు చేయమని నాకిచ్చారు. నాలుగు రోజులు దాన్ని నా సంచిలోనే ఉంచుకున్నాను. ఐదో రోజు "వేసినవా అమ్మా?" అని అడిగారు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కవరు తీసి బల్ల మీద పెట్టాను.

తిడతారనుకున్నాను. "నా తప్పు నువ్వెందుకు మోస్తవ్ సరోజా? తే, నేనేసొస్త" అని వానలోనే పోస్టాఫీసుకు బయల్దేరారు. నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు.

మూడు నెలలకు ఒక మందపాటి కవరు వచ్చింది. అందులో ఫ్రేములోంచి తీసిన ఆ ఫోటో ఉంది. దాంతో నాలుగే ముక్కల ఉత్తరం. "చాలా ఏడ్చాను. ఇతనికీ ఒక అక్క ఉండే ఉంటుంది. ఈ ఫోటో ఆమెది. దయచేసి ఆమెను వెతకండి." సారు చదివి, కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆయన పోయేదాకా వెతుకుతూనే ఉన్నారు. తర్వాత ఆ ఫోటో నా దగ్గరికి వచ్చింది. పాత రిజిస్టరు ఎక్కడైనా బయటపడిందని వింటే, పసుపు ఎనిమిది ఎదుట ఎవరి పేరుందో చెప్పమని అక్కడివాళ్లకు రాస్తాను. ఆ అక్క ఇంకా బతికి ఉండే వయసు కాదని నాకూ తెలుసు. అయినా రాసిన ఉత్తరాన్ని ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచను.