మెడతో చెప్పే సారీ

ఇంగ్లండులోని హాలిఫాక్స్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే డెస్మండ్ థ్వెయిట్ ఆరడుగుల మనిషి. కనిపించేది మాత్రం ఐదున్నరే. ఎవరు ఎదురొచ్చినా ముందు అతని తల తాబేలు తలలా బయటికొస్తుంది, వెనకాలే "సారీ" వస్తుంది. తలుపు తగిలినా సారీయే, కుర్చీ తగిలినా సారీయే. పదకొండేళ్లుగా మెడనొప్పి. మాత్రలన్నీ అయ్యాక, కూర్చోవడం, లేవడం మళ్లీ మొదట్నించీ నేర్పించే వినిఫ్రెడ్ దగ్గర చేరాడు. ఆవిడ అతన్ని అరగంటసేపు కుర్చీలోంచి లేపి, కూర్చోబెట్టి, "సారీ నోటితో చెప్పు నాయనా, మెడతో చెప్పకు" అంది. "సారీ అండీ" అన్నాడు, వంగి.

నెల తర్వాత బస్సు క్యూలో ఒక పెద్దావిడ అతని కాలు తొక్కింది. "సారీ" అని, అతని సారీ కోసం కాసేపు చూసింది; తొక్కించుకున్నవాళ్లూ తిరిగి సారీ చెప్పడం అక్కడి మర్యాద. నోరు తెరిస్తే మెడ కూడా ముందుకు వెళ్లిపోతుందని డెస్మండ్ పెదవులు బిగించి నిటారుగా నిలబడ్డాడు. "కాలు తొక్కించుకుని సారీ అయినా చెప్పడు, ఏం మనిషమ్మా!" అందావిడ పక్కావిడతో. క్యూ అంతా తిరిగి చూసింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి గానీ, మెడ మాత్రం నొప్పి పెట్టలేదు. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి, ఆవిడకి బాకీపడ్డ సారీని మెడ కదలకుండా చెప్పుకున్నాడు. అద్దంలో గడ్డం దాకానే కనిపించింది. వంగిన మనిషి ఎత్తుకి తనే తగిలించుకున్న అద్దం. దానికీ ఒక సారీ చెప్పి, మేకు జానెడు పైకి కొట్టాడు.