జడ్జీ దొరగారి నోట పల్లెకారు మాట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. జరిగింది మాత్రం జరిగింది. ఎవరు నవ్వినా నా మాట మార్చుకోను.

అప్పట్లో నేను రాజమండ్రి జిల్లా కోర్టులో దుబాసీని. సాక్షుల మాటలు జడ్జీ దొరగారికి ఇంగ్లీషులో, ఆయన ప్రశ్నలు వాళ్లకు తెలుగులో చెప్పడం నా పని. దొరగారు గొప్ప చదువరి, నిక్కచ్చి మనిషి. తెలుగులో మాత్రం "నీళ్లు", "పో" తప్ప మూడో మాట రాదు.

ఒకరోజు సత్తియ్య అనే జాలరి విచారణ జరిగింది. తనతో వేటకొచ్చిన అప్పన్నను చంపి గోదావరిలో తోసేశాడని అభియోగం. వరదకు పడవ తిరగబడిందని అతను మొత్తుకున్నాడు. శవం దొరకలేదు. అంతకుముందే ఇద్దరూ కొట్టుకున్నారని సాక్షులు చెప్పారు. నేరం రుజువైతే ఉరే.

అప్పన్న భార్య పోలమ్మ బోనెక్కి దొరగారి కళ్లలోకి సూటిగా చూసింది.

"మా మావని ఈడు సంపలేదండి. నన్ను ఉరితీసినా ఇదే మాటండి."

నేను ఇంగ్లీషులో చెప్పబోతుంటే దొరగారు ముందుకు వంగి నోరు తెరిచారు.

"పోలీ, పాతరేవు కాడ మునిగిన మానుంది సూడు, దాని కాడ వలలో సిక్కడిపోయానే. ఈడు నాకోసం మునిగి మునిగి ఎతికాడే."

దొరగారి నోట అచ్చమైన పల్లెకారు యాస, గోదావరి జాలర్ల మాట. మిట్టమధ్యాహ్నం, నిండు కోర్టు.

"ఇన్నారా? మా మావే!" అంది పోలమ్మ, బోను కటకటాలు పట్టుకుని. ప్లీడర్లు బిగుసుకుపోయారు. దొరగారు కళ్లజోడు సర్దుకుని, సాక్షి ఏమందని నన్ను ఇంగ్లీషులో అడిగారు.

పాతరేవు, పడవ తిరగబడిన చోటికి బాగా దిగువన ఉంది. ఆ సాయంత్రమే జాలర్లు అక్కడ మునిగి చూశారు. మానుకు చుట్టుకున్న వలలో అప్పన్న ఉన్నాడు. సత్తియ్య విడుదలయ్యాడు.

ఏళ్లు గడిచాయి. దొరగారు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు, అక్కడి విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. మా అబ్బాయి పట్టా పుచ్చుకున్న రోజున నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచారు.

"ఆనాడు కోర్టులో వినబడిన పాతరేవు మాటలు ఆ ఆడమనిషివే. నువ్వు పొరపడ్డావు. ఇక ఆ కథ చెప్పడం మానుకో," అన్నారు ఇంగ్లీషులో.

కాస్త దూరంలో నల్ల గౌన్ల పెద్దలు మావైపే చూస్తున్నారు.

"మానుకోనండి. మీ నోట వచ్చిన మాటలే అవి. పక్కనే ఉండి విన్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించి అడిగారు. "అప్పుడు నా గొంతు ఎలా ఉంది?"

"అది మీ గొంతు కాదండి."

ఆయన వెనుదిరిగి గౌన్ల పెద్దల్లో కలిసిపోయారు. అదెలా జరిగిందో నాకు నేటికీ తెలియదు. తెలియనంత మాత్రాన వినలేదని ఒప్పుకోమంటే, ఎంతటి దొర అడిగినా ఒప్పుకోను.